సండూరు కొండల పైమట్టి కథ

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారిలో మనం ఇటే ఉండిపోయాం. సరిహద్దుకు ఇటు సండూరులోనూ, అటు ఓబుళాపురంలోనూ కొండల నిండా ఇనుప రాయే.

ఆ కొండల పైమట్టిలో శిలీంధ్రాలు ఉంటాయి. వాటి సన్నని పోగులు చెట్ల వేళ్లలోకి చొరబడి, వేళ్లకు అందని భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు తన చక్కెరలో వాటా పెడుతుంది. వానలు తక్కువైన మన సీమలో చెట్లకు ఈ పొత్తు పెద్ద ఆసరా.

2000 తర్వాత చైనాలో గిరాకీ పెరిగి తవ్వకాలు ఊపందుకున్నాయి. అడవి కొట్టి పైమట్టి ఎత్తేస్తే ఆ పోగులు తెగిపోతాయి. మట్టిని ఏళ్ల తరబడి కుప్పగా వదిలేస్తే, ఆధారమైన వేళ్లు లేక చాలావరకు చచ్చిపోతాయి.

2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనులు ఆపించింది. మళ్లీ తెరవాలంటే పాడైన నేలను బాగుచేసే ప్రణాళిక ఉండాలంది. మంచి మాటే. కానీ పైమట్టిని వేరుగా దాచి, ఆలస్యం చేయకుండా తిరిగి పరిచి, ఇక్కడి గడ్డినీ చెట్లనూ పెంచితేనే ఆ పొత్తు మళ్లీ కుదురుతుంది.

ఇకపై మొక్కలు నాటే కార్యక్రమాలకు పిలిస్తే, ఎన్ని మొక్కలని అడగడంతో ఆగకుండా, గుంతలో పోసే మట్టి ఎక్కడిదని కూడా అడుగుదాం.