ఉరికంబము వరకు నడిచిన పాదిరి

ప్రియ చదువరీ, మీ గ్రామములో రెండు కక్షలున్నవనుకొనుడు. మీ పాదిరిగారు ఎదుటి కక్షవాని యింట కూర్చుండి ప్రార్థన చేసి వచ్చిరని తెలిసినప్పుడు మీ మనస్సు ఏమనును? సంతోషించునా? ఆ దుర్మార్గుని గడప ఈయన ఎట్లు తొక్కెనని సణుగునా? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని ఒక దైవసేవకుని చరిత్రను చదువుడు.

సైన్యములోను, ఆసుపత్రులలోను, చెరసాలలలోను కాపరిపని చేయువానిని చాప్లెయిన్ అందురు. చాప్లెయిన్ తన మందను తాను ఏర్పరచుకొనడు. ఏ మంచముమీద ఎవడు పడియున్నను, ఏ కొట్టులో ఎవడు బంధింపబడినను, వాడే అతని మంద. అనేకచోట్ల జీతమిచ్చునది ప్రభుత్వము. అయినను అతడు లెక్క యొప్పగింపవలసినది ప్రభువునకే.

హెన్రీ గెరికీ అట్టి కాపరి. అతడు 1893లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రమందు జన్మించెను. లూథరన్ పాదిరియై, సెయింట్ లూయిస్ పట్టణములో రోగుల యొద్దకును ఖైదీల యొద్దకును తిరుగుచు సేవచేసెను. 1943లో, ఏబదియేండ్ల ప్రాయమున, సైనిక చాప్లెయిన్‌గా చేరెను. అతని ముగ్గురు కుమారులును సైన్యములో నుండిరి. వారిలో ఇద్దరు యుద్ధమందు గాయపడిరి. యుద్ధము ముగిసినపుడు డాఖౌ నిర్బంధ శిబిరమును అతడు కన్నులార చూచెను. హిట్లరు ప్రభుత్వము చేసిన ఘోరములు అతనికి పత్రికలలో చదివిన వార్తలు మాత్రమే కావు.

1945 నవంబరులో అతనికొక కబురు వచ్చెను. జర్మనీలోని నూరెంబర్గు నగరములో హిట్లరు సహచరులలో ముఖ్యులైన 21 మంది విచారణకు నిలువబోవుచున్నారు. అరువది లక్షల యూదుల వధకును, లెక్కకు మించిన యితర హత్యలకును కారకులైన ప్రభుత్వమును నడిపినవారు వీరు. జర్మను భాష తెలిసిన కాపరి వీరికి కావలెను. గెరికీ తన వయస్సునుబట్టి ఆ పనిని మానుకొని యింటికి పోవచ్చునని కూడ అధికారులు చెప్పిరి. అతడు ప్రార్థించి, పోవుటకే నిశ్చయించుకొనెను. రోమను కథోలిక ఖైదీల కొరకు సిక్స్టస్ ఓకానర్ అను గురువు అతనితోకూడ నియమింపబడెను.

మొదటిసారి వారి గదులకు పోయినప్పుడు గెరికీ చేయి చాచి ఒక్కొక్కనిని పలుకరించెను. ఆ సంగతి తెలిసి, అంతటి నెత్తురు అంటిన చేతులను ఎట్లు పట్టుకొంటివని తరువాత అనేకులు అతనిని నిందించిరి. వారి పాపమును చిన్నదిగా ఎంచి అతడు అట్లు చేయలేదు. మొగము త్రిప్పుకొని నిలిచినవాని నోట సువార్త వినుటకు ఎవడును చెవి యొగ్గడని అతడెరుగును. రెండు గదుల నడుమ గోడ తీసి అమర్చిన చిన్న ఆరాధన స్థలములో వారికి వాక్యము చెప్పెను. వచ్చినవారు వచ్చిరి, రానివారిని బలవంతపెట్టలేదు.

1946లో, గెరికీ స్వదేశమునకు పోవునని ఖైదీలు విని, అతని భార్యయగు ఆల్మాకు ఒక ఉత్తరము వ్రాసిరి. ఆయనను మాయొద్ద ఉండనిమ్మని వేడుకొనిరి. ఇరువది యొక్కరును దానిమీద చేవ్రాలు చేసిరి. ఆరాధనకు ఎన్నడును రానివారు కూడ అందులో ఉండిరి. ఏండ్ల తరబడి భర్త మొగము చూడని ఆ తల్లి ఉండుమనియే జవాబు వ్రాసెను. ఆమె త్యాగము కూడ ఈ సేవలో భాగమే.

అయితే, చదువరీ, ప్రేమగల కాపరి మెత్తని కాపరియని యెంచకుడి. పశ్చాత్తాపము కనబడినవారికి గెరికీ ప్రభువు బల్లను ఇచ్చెను. సైన్యాధిపతియైన కైటెల్ అట్లు పాలుపొందినవారిలో ఒకడు. అందరిలో పెద్ద పదవిగల గోరింగ్ 1946 అక్టోబరు 15 రాత్రి, మరణము ఎదుట, తనకును ఇమ్మని అడిగెను. నీ చిన్న కుమార్తె నిన్ను పరలోకమందు కలిసికొనగోరుచున్నదని గెరికీ అతనికి జ్ఞాపకము చేసెను. అయినను గోరింగ్ క్రీస్తును రక్షకునిగా ఒప్పుకొనలేదు. అందుచేత గెరికీ ఇయ్యలేదు. ఆ రాత్రియే గోరింగ్ విషము మ్రింగి చచ్చెను. కొంచెము మెత్తబడియుండవలసినదని కొందరు గెరికీని తప్పుపట్టిరి. కాని నమ్మనివానికి నమ్మినట్టు గురుతు ఇచ్చుట వానిని మోసగించుట గాదా?

ఆ తరువాత కొన్ని గడియలకే, అక్టోబరు 16 తెల్లవారకముందు, పదిమంది ఉరితీయబడిరి. గెరికీ తన పాలికి వచ్చినవారితో ఉరికంబము వరకు నడిచి ప్రార్థించెను. పశ్చాత్తాపపడిన కైటెల్ కూడ ఉరినుండి తప్పింపబడలేదు. దేవుని క్షమాపణ వేరు, న్యాయస్థానపు తీర్పు వేరు. చచ్చినవారి రక్తము న్యాయమడుగుచుండగా, ఆ తీర్పునకు అడ్డుపడుట కాపరి పని కాదు. తీర్పు పొందినవానిని ఒంటరిగా విడువకుండుటయే అతని పని.

స్వదేశమునకు తిరిగివచ్చిన గెరికీ ఇల్లినాయి రాష్ట్రములోని చెస్టరు ఊర, మరల చెరసాల ఖైదీల మధ్యనే సేవచేసి, 1961లో ప్రభువునందు నిద్రించెను.

ఇప్పుడు మన గ్రామమునకు వత్తము. పాదిరిగారు జైలుకు పోయినవానిని చూడబోయినపుడు, త్రాగుబోతు ప్రక్కన కూర్చున్నపుడు, మనకు కీడు చేసినవాని యింట మోకరించినపుడు మనము అడ్డుపడరాదు. అట్లే, కానుక అధికముగా నిచ్చు పెద్దమనిషి మారుమనస్సు లేక బల్లకు రాగా ఆయన ఆపినయెడల, ఆయన బదిలీ కొరకు అర్జీలు వ్రాయరాదు. నూరెంబర్గులో గొప్పవానిని ఆపిన కాపరియు, నీచుల చేయి పట్టుకొనిన కాపరియు ఒక్కడే. ఆ రెండును మన కాపరియందు ఉండవలెనని కోరుదుము గాక. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో, మీరు ఎవని పేరు పలుకుటకు ఇష్టపడరో వాని కొరకును, వాని గుమ్మము త్రొక్కవలసిన మీ పాదిరిగారి కొరకును ప్రార్థించుడు.