పాలస్తీనాకు భారత్ సూచించిన సమాఖ్య

పాలస్తీనా భవిష్యత్తుపై నివేదిక ఇవ్వడానికి 1947 మే నెలలో ఐక్యరాజ్యసమితి పదకొండు దేశాలతో ఒక ప్రత్యేక సంఘాన్ని నియమించింది. ఇంకా స్వాతంత్ర్యం రాని భారతదేశానికి అందులో చోటు దక్కింది. ప్రతినిధిగా వెళ్లినవారు లాహోర్ హైకోర్టు న్యాయమూర్తి సర్ అబ్దుర్ రహ్మాన్. జెనీవాలో ఆ సంఘం నివేదిక రాస్తుండగానే, ఆగస్టు 17న, రాడ్‌క్లిఫ్ గీత వెల్లడై లాహోర్ పాకిస్తాన్‌కు వెళ్లిపోయింది. భారత ప్రతినిధిగా విభజనను వ్యతిరేకించిన ఆ న్యాయమూర్తి తరువాతి కాలంలో పాకిస్తాన్ ఫెడరల్ కోర్టులో కూర్చున్నారు.

సంఘంలో ఏడు దేశాలు పాలస్తీనాను అరబ్, యూదు రాజ్యాలుగా విభజించి జెరూసలేంను అంతర్జాతీయ పాలన కింద ఉంచాలన్నాయి. ఆస్ట్రేలియా ఎటూ చెప్పలేదు. భారత్, ఇరాన్, యుగోస్లావియా మాత్రం మరో ప్రణాళిక ఇచ్చాయి. దాని ప్రకారం జెరూసలేం రాజధానిగా ఒకే సమాఖ్య దేశం ఏర్పడుతుంది. అరబ్, యూదు రాజ్యాలు అందులో స్వయంపాలిత భాగాలు. చట్టసభలో ఒక సభకు జనాభా ప్రాతిపదిక, రెండో సభలో ఇరు జాతులకు సమాన స్థానాలు. రక్షణ, విదేశాంగం, వలసలు, నాణెం కేంద్రం చేతిలో ఉంటాయి.

ఈ ఆలోచనకు పునాది ఒక లెక్క. అప్పటి పాలస్తీనాలో అరబ్బులు సుమారు 12 లక్షలు, యూదులు 6 లక్షలు. మెజారిటీ నివేదిక గీసిన యూదు రాజ్యంలోనే నాలుగు లక్షలకు పైగా అరబ్బులు మిగులుతారు. గీత ఎటు జరిపినా ఊళ్లు, తోటలు, బావులు కలగలిసే ఉన్నాయి. జనాన్ని కదల్చకుండా అలాంటి గీత నిలవదన్న సంగతి అప్పటికే పంజాబులో రుజువవుతోంది.

అయితే ఈ వాదంలో ఇబ్బందికరమైన పార్శ్వమూ ఉంది. బలహీన కేంద్రంతో కూడిన సమాఖ్యను 1946లో కేబినెట్ మిషన్ భారతదేశానికే సూచించింది. అది నిలవలేదు. 1947 జూన్‌లో కాంగ్రెస్ విభజనకు తలవంచింది. తన ఇంట చెల్లని మందును పరాయి ఇంటికి రాసిచ్చినట్లే కదా అని విమర్శకులు అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. కానీ విభజన ఖరీదు తెలిసినవారే దాన్ని మరొకరికి సిఫారసు చేయడానికి జంకారని చెప్పడమూ అబద్ధం కాదు. అరబ్ దేశాల మైత్రి, దేశంలోని ముస్లింల మనోభావాలు కూడా లెక్కలోకి వచ్చి ఉంటాయి. విదేశాంగ విధానం కేవలం ఆదర్శాలతో ఎన్నడూ నడవలేదు. యూదుల పక్షాన మద్దతు కోరుతూ ఐన్‌స్టీన్ 1947 జూన్‌లో రాసిన లేఖకు నెహ్రూ జులైలో జవాబిచ్చారు. యూదులు పడ్డ యాతనలపై సానుభూతి తెలుపుతూనే, ఇన్నేళ్లలో వారు అరబ్బుల మనసును ఎందుకు గెలుచుకోలేకపోయారని అందులో అడిగారు.

సమాఖ్యను ఇరుపక్షాలూ తోసిపుచ్చాయి. అరబ్ ఉన్నత సంఘం విచారణనే బహిష్కరించింది. దానికి కావలసింది అవిభక్త పాలస్తీనా. నాజీ మారణహోమం నుంచి బయటపడ్డ లక్షలాది మంది ఇంకా శిబిరాల్లో ఉండగా, వలసల తాళంచెవిని ఉమ్మడి ప్రభుత్వానికి అప్పగించడానికి యూదు నాయకత్వం ససేమిరా అంది. నవంబరు 29న సర్వసభ్య సభ 33–13 ఓట్లతో విభజనను ఆమోదించింది. భారత్, ఇరాన్ వ్యతిరేకించాయి. సమాఖ్యను ప్రతిపాదించిన మూడో దేశం యుగోస్లావియా తటస్థంగా ఉండిపోయింది.

తరువాతి కథ తెలిసినదే. యుద్ధంలో దాదాపు ఏడు లక్షల మంది పాలస్తీనియన్లు నిర్వాసితులయ్యారు. 1949 నాటికి పాలస్తీనా భూభాగంలో మూడొంతులకు పైగా ఇజ్రాయెల్ చేతిలో ఉంది. మిగిలింది 1967లో దాని ఆక్రమణలోకి వెళ్లింది. భారత్ 1950లో ఇజ్రాయెల్‌ను, 1988లో పాలస్తీనాను గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. క్రమంగా ఢిల్లీ కూడా అందరిలా రెండు దేశాల మాటే పలకసాగింది.

ఆ మాట నేలమీద ఏమైందో చూడాలి. 1993 ఓస్లో ఒప్పందం జెరూసలేం, శరణార్థులు, నివాస స్థావరాలు, సరిహద్దులు అనే నాలుగు ముళ్లనూ తుది చర్చలకు వాయిదా వేసింది. ఆనాడు తూర్పు జెరూసలేంను మినహాయిస్తే పశ్చిమ తీరంలో ఇజ్రాయెలీ స్థావరవాసులు లక్షకు కాస్త పైన. నేడు ఐదు లక్షలకు పైమాటే. వాయిదా ఇరువురికీ సమానంగా పనిచేయలేదు. 2023 అక్టోబరు 7న హమాస్ జరిపిన ఊచకోత, ఆపైన గాజాలో వేలాది పౌరులను బలిగొన్న ఇజ్రాయెల్ దాడులు చర్చల బల్లనే విరగ్గొట్టాయి.

అంతకు ఏడాది ముందు, 2022లో, ఓస్లో రూపశిల్పుల్లో ఒకరైన యోసి బీలిన్, పాలస్తీనా న్యాయవాది హిబా హుసేని కలిసి ఒక ముసాయిదా వెలువరించారు. రెండు సార్వభౌమ దేశాలు, వాటి మధ్య ఒక కూటమి. స్థావరవాసులు కోరుకుంటే పాలస్తీనా చట్టానికి లోబడి శాశ్వత నివాసులుగా అక్కడే ఉండవచ్చు. అంతే సంఖ్యలో పాలస్తీనియన్లు ఇజ్రాయెల్‌లో ఉండవచ్చు. జనాన్ని కదల్చకుండా గీతను నిలపడమెలా అన్న 1947 నాటి ప్రశ్నే ఇది. తేడా ఒక్కటే: అబ్దుర్ రహ్మాన్ బృందం సార్వభౌమత్వాన్ని ఉమ్మడి కేంద్రానికి ఇచ్చింది, వీరు దాన్ని ముందు రెండు జాతులకూ విడివిడిగా ఇస్తున్నారు. ఆ రెండింటిలో ఒకదానికి అది ఇంకా దక్కలేదు.