ఈక్విటీ రికార్డుల్లో ఆడిట్ లాగ్

కంపెనీలో ఎవరికెన్ని వాటాలున్నాయి, ఏ ఉద్యోగికి ఏ ధరకు ఎన్ని స్టాక్ ఆప్షన్లు ఇచ్చారు వంటి వివరాలు ఉంచే సాఫ్ట్‌వేర్‌లో జరిగే ప్రతి మార్పునూ వరుసగా నమోదు చేసే పట్టికే ఆడిట్ లాగ్. భారతీయ నిబంధనల్లో దీన్ని ఆడిట్ ట్రయల్ అని, ఎడిట్ లాగ్ అని వ్యవహరిస్తారు. వాటాదారుల వివరాలున్న క్యాప్ టేబుల్‌ను ఆవర్జా అనుకుంటే, ఆడిట్ లాగ్ చిట్టా లాంటిది. ఆవర్జా ఈనాటి నిల్వ చెబుతుంది. ఆ నిల్వ ఎలా వచ్చిందో చిట్టా చెబుతుంది.

2013 కంపెనీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ప్రతి కంపెనీ సభ్యుల రిజిస్టర్ ఉంచాలి. 95వ సెక్షన్ ఆ రిజిస్టర్‌ను ప్రాథమిక సాక్ష్యంగా గుర్తిస్తుంది. ఉద్యోగుల ఆప్షన్లకు ఎస్‌హెచ్-6 అనే వేరే రిజిస్టర్ ఉంది. వాటా ఎవరిదన్న వివాదం వస్తే ముందుగా చూసేది వీటినే కాబట్టి, వీటిలో ఒక అంకె మారినా ఎందుకు మారిందో చూపగలగాలి.

రెండు తేదీలు

లాగ్‌లోని ఒక్కో వరుసలో మార్పు చేసిన వ్యక్తి, సమయం, పాత విలువ, కొత్త విలువ, కారణం, ఆధారంగా నిలిచే బోర్డు తీర్మానం ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యం రెండు తేదీలను వేరువేరుగా ఉంచడం. బోర్డు ఏప్రిల్ 10న ఆప్షన్లు మంజూరు చేసి, కంపెనీ సెక్రటరీ జూన్ 25న వాటిని ఎక్కించారనుకుందాం. మొదటి తేదీ మనిషి టైపు చేసేది. రెండోది సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసుకోవలసింది, ఎవరూ మార్చలేనిది. ఈ తేడాను పట్టించుకోని వ్యవస్థలో లాగ్ ఉన్నా ప్రయోజనం స్వల్పమే.

దీనికి గట్టి రుజువు అమెరికాలో దొరుకుతుంది. షేరు ధర తక్కువగా ఉన్న పాత రోజును వెతికి, ఆప్షన్లు ఆ రోజే ఇచ్చినట్టు కాగితాల్లో చూపడాన్ని బ్యాక్‌డేటింగ్ అంటారు. అధికారులకు ఆప్షన్లు ఇచ్చే తేదీకి ముందు షేరు ధరలు అసాధారణంగా పడిపోవడం, ఆ వెంటనే పెరగడం అయోవా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎరిక్ లీ గమనించి 2005లో పరిశోధనా పత్రం ప్రచురించారు. మరుసటి ఏడాది వాల్‌స్ట్రీట్ జర్నల్ కథనాలతో అనేక కంపెనీలపై విచారణ మొదలైంది. యునైటెడ్‌హెల్త్ మాజీ అధిపతి విలియం మెగ్వైర్ 2007 డిసెంబరులో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌తో 46.8 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకున్నారు. అంతకు ముందే, 2002 నాటి సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం అధికారులకిచ్చే ఆప్షన్లను రెండు పనిదినాల్లో వెల్లడించాలని శాసించింది. మంజూరు తేదీకి, వెల్లడి తేదీకి మధ్య వ్యవధి కుదించుకుపోవడంతో పాత తేదీ వేసే వీలు బాగా తగ్గింది. ఆడిట్ లాగ్ చేసే పనీ ఇదే.

భారతీయ నిబంధనలు

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ తేదీతో సహా ఎడిట్ లాగ్ ఉండాలి; దాన్ని ఆపివేసే వీలు ఉండకూడదు. ఈ నియమం ఖాతాపుస్తకాలకు సంబంధించినది. అయితే ఆప్షన్ల ఖర్చు లాభనష్టాల ఖాతాలోకి ఈక్విటీ సాఫ్ట్‌వేర్ లెక్కల నుంచే వచ్చేటప్పుడు, ఆడిటర్ దాని లాగ్‌ను కూడా అడగడం సమంజసం. లిస్టెడ్ కంపెనీలకు ఇన్‌సైడర్ ట్రేడింగ్‌పై సెబీ నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి. ధరను ప్రభావితం చేసే రహస్య సమాచారం ఎవరితో పంచుకున్నారో నమోదు చేసే డేటాబేస్‌కు కాలముద్ర, ఆడిట్ ట్రయల్ తప్పనిసరి.

లోపాలు దాగే చోట్లు

నాలుగు వందల ఆప్షన్ గ్రాంట్లను (మంజూరులను) ఎక్సెల్ ఫైలు నుంచి ఒకేసారి ఎక్కిస్తే కొన్ని వ్యవస్థలు ‘ఇంపోర్ట్ జరిగింది’ అని ఒక్క వరుసతో సరిపెడతాయి. ఒక్కో గ్రాంటుకు విడి వరుస లేకపోతే, తరవాత ఏది దేని నుంచి మారిందో చెప్పలేం. ఇద్దరు ముగ్గురు ఒకే లాగిన్ వాడితే పేరు ఉన్నా మనిషి దొరకడు. తెర మీది మార్పులన్నీ నమోదవుతున్నా, డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి చేసిన మార్పు నమోదు కాకపోవచ్చు. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. అందుకే లాగ్‌ను నిర్వాహకుడి చేతికి అందని చోట ఉంచాలి. ప్రతి వరుసలో ముందరి వరుస హ్యాష్‌ను, అంటే దానిలోని వివరాల నుంచి లెక్కగట్టిన సంకేతాన్ని, కలిపే పద్ధతి కూడా ఉంది. మధ్యలో ఒక వరుస మార్చినా గొలుసు పొసగదు.

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా మాతృసంస్థ రికార్డులు చూసేవారు కాలమండలాన్ని మరవకూడదు. లాగ్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే, ఏప్రిల్ 1 తెల్లవారుజామున 4 గంటలకు మనవాళ్లు చేసిన నమోదు మార్చి 31 రాత్రి 10:30గా కనిపిస్తుంది. అంటే ఆర్థిక సంవత్సరమే మారిపోయినట్టు ఉంటుంది.

పొరపాటు దిద్దేటప్పుడు పాత వరుసను చెరపకూడదు. దాన్ని రద్దు చేసే వరుస ఒకటి, సరైన విలువతో మరొకటి చేర్చాలి. కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి మారినప్పుడు తరచు వాటాల నిల్వలే కొత్తదానిలోకి వెళ్తాయి. వాటి చరిత్ర పాత సంస్థ సర్వర్లలోనే ఉండిపోతుంది. ఖాతాపుస్తకాలను 8 ఏళ్లు భద్రపరచాలని చట్టం చెబుతోంది కాబట్టి, ఒప్పందం ముగిసేలోపే లాగ్ మొత్తాన్ని దించుకుని కంపెనీ తన దగ్గర పెట్టుకోవాలి.