‘నల్లా వచ్చింది’: కొళాయి నీటి యోగ్యతపై ఒక చారిత్రక పరిశీలన

తెలంగాణ పట్టణాల వాడుకలో ‘నల్లా వచ్చింది’ అనే మాట ఉంది. కోస్తా పట్టణాలలో ఇదే సందర్భంలో ‘కొళాయి వచ్చింది’, ‘పంపులొచ్చాయి’ అంటారు. వచ్చింది నీళ్ళు; గోడకు బిగించిన నల్లా ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు. అలంకార శాస్త్రం దీనిని లక్షణగా వివరిస్తుంది. చరిత్ర పరంగా చూస్తే ఈ ప్రయోగం మరొకటి కూడా చెబుతున్నది: నల్లాకు రాకపోకల వేళలున్న సమాజంలోనే ఇలాంటి మాట పుడుతుంది. నీరు ఎల్లవేళలా ఉండే చోట ‘వచ్చింది’ అనవలసిన అవసరం కలగదు.

కొళాయి నీటిని నేరుగా తాగవచ్చునా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు చోట్ల సమాధానం వెదకుతారు. ఒకటి నీరు పుట్టే చెరువో నదో. రెండవది నీటిని వడపోసే కేంద్రం. ఈ రెండింటికంటే, శుద్ధి అయిన నీరు ఇల్లు చేరేదాకా ప్రయాణించే గొట్టం రోజులో ఎంతసేపు నిండుగా ఉంటుందన్నదే నిర్ణాయకమని హైదరాబాదు నగర చరిత్ర సూచిస్తున్నది. ఆ చరిత్రను ముఖ్య ఆధారంగా తీసుకుని, నీటి మంచిచెడ్డలను నిర్ణయించే అధికారం ఒక చేతినుంచి మరొక చేతికి మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుక చేసిన నిర్ణయం

తాగేనీటికి తెలుగులో ‘మంచినీళ్ళు’ అని పేరు. దీనికి ఎదురుగా నిలిచే మాట ‘చెడ్డనీళ్ళు’ కాదు, ‘ఉప్పునీళ్ళు’. ఈ విభజన రుచిమీద ఆధారపడింది. ఊరిలో ఏ బావి మంచినీళ్ళ బావి, ఏది వాడుక నీళ్ళ బావి అన్నది నాలుక తేల్చింది. పప్పు ఉడికే తీరు, బియ్యం పొంగే తీరు దానికి సాక్ష్యాలు. రుచి తరువాత చూపు. బురదనీటిని తేర్చడానికి కుండ లోపలి అంచున ఇండుపగింజ అరగదీయడం తరతరాల అలవాటు. చిల్లగింజ అన్నా ఇదే. సంస్కృతంలో కతకమనే ఈ గింజను సుశ్రుత సంహిత నీటిని శుద్ధిచేసే ద్రవ్యాలలో చేర్చింది. మనుస్మృతి ఆరవ అధ్యాయంలో దీనిని దృష్టాంతంగా వాడుకోవడం మరింత ఆసక్తికరం: కతకఫలం నీటిని తేర్చగలిగినా, దాని పేరు చెప్పినంత మాత్రాన నీరు తేరదని అక్కడ చెప్పిన విషయం. నీటి యోగ్యతను గురించి నేడు వెలువడే అనేక ప్రకటనలకు ఈ దృష్టాంతం వర్తిస్తుంది.

గింజ గంధానికి నీటిలోని మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని అడుగుకు దిగుతాయి. పటిక చేసే పనీ ఇదే. మట్టితోపాటు కొంత సూక్ష్మజీవుల భారం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. తేటదనం, రుచి ఈ రెండూ ఆరోగ్యానికి హామీ కావన్న సంగతి 1854లో లండన్ నగరంలో విషాదకరంగా రుజువైంది. బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీరు రుచికి పేరుపడినది. ఆ వీధి విడిచి హాంప్‌స్టెడ్‌లో స్థిరపడిన ఒక వృద్ధురాలు ఆ రుచి మరువలేక రోజూ సీసాలో నీరు తెప్పించుకునేది. ఆమె కలరాతో మరణించింది. ఆమె ఉన్నచోట కలరా లేదు. జాన్ స్నో తన వాదానికి చూపిన బలమైన ఆధారాలలో ఇదొకటి. తెలుగు వాడుకలో చెప్పాలంటే ఆమె తాగినవి నిక్కమైన మంచినీళ్ళే.

నాలుకనుంచి నిర్ణయాధికారం ఇసుకకు, ఆపైన రసాయనానికి మారింది. 1829లో లండన్‌లోని చెల్సీ జలసంస్థకు జేమ్స్ సింప్సన్ ఇసుక వడపోత పడకలు నిర్మించాడు. అవి సూక్ష్మజీవులను ఆపగలవని అప్పటికి ఎవరికీ తెలియదు. నీరు తేటపడుతుందనే నిర్మించారు. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరాన్ని కలరా పట్టుకున్నప్పుడు ఎనిమిది వేలకు పైగా ప్రజలు మరణించారు. దానిని ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణం అదే ఎల్బ్ నది నీటిని, అదీ హాంబర్గ్ మురుగు కలిసిన దిగువ పాయనుంచి తీసుకుంటూ కూడా, చాలావరకు బయటపడింది. ఆల్టోనా ఇసుకలో వడపోసింది, హాంబర్గ్ వడపోయలేదు. 1884లో కలకత్తా చెరువు నీటిలో కలరా సూక్ష్మజీవిని గుర్తించిన రాబర్ట్ కాక్ ఈ వ్యత్యాసాన్ని లోకానికి వివరించాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీటికి క్లోరిన్ కలపడం నిత్యకృత్యమైంది.

అదే 1908 సెప్టెంబరులో హైదరాబాదును మూసీ ముంచెత్తింది.

వరదనుంచి కొళాయికి

అప్పటిదాకా నగరం తాగినవి బావుల నీళ్ళు, మీరాలం చెరువు నీళ్ళు. ఉత్తరాన హుస్సేన్ సాగర్ ఉంది. మూసీ వరదలో సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. 1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయనకు అప్పగించిన ప్రధాన సమస్య వరద. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టి వరదను అక్కడే నిలపాలన్నది ఆయన సూచన. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరాన్ని ముంచిన నీరే నగరం తాగేనీరైంది. నాటి పథకంలో తరచు విస్మరణకు గురయ్యే అంశం ఇంకొకటి ఉంది: విశ్వేశ్వరయ్య నగరానికి ఆధునిక మురుగునీటి వ్యవస్థను కూడా రూపొందించాడు. తాగేనీటి గొట్టం, మురుగు గొట్టం ఒకే ఆలోచనలో రెండు భాగాలుగా ఉండాలన్న అవగాహన అక్కడ కనబడుతుంది. తరువాతి కాలంలో నగరం మొదటిదానిని పొడిగించినంత శ్రద్ధగా రెండవదానిని పొడిగించలేదు.

ఉస్మాన్ సాగర్ నగరం కంటే ఎత్తున ఉంది. అక్కడినుంచి నీరు కేవలం వాలు ఆధారంగా ఆసిఫ్‌నగర్ వడపోత పడకలకు చేరేది. యంత్రంతో ఎత్తిపోయవలసిన పని లేదు. 1921 జనాభా లెక్కల నాటికి నగరంలో సుమారు నాలుగు లక్షల మంది ఉన్నారు. సుమారు 3.9 టీఎంసీల ఒక్క ఉస్మాన్ సాగరే వారికి సమృద్ధి. గండిపేట నీళ్ళు తాగినవారు హైదరాబాదు విడిచి పోలేరన్న నానుడి ఆ కాలపు నమ్మకానికి గుర్తు. నానుడిలో పేరు గండిపేట చెరువుదే. ఆసిఫ్‌నగర్ ఇసుకపడకలకు గాని, వీధికింది ఇనుప గొట్టానికి గాని ఏ నానుడీ దక్కలేదు.

ఆ నమ్మకం అందరిదీ ఒకేసారి కుదరలేదనీ గమనించాలి. దక్షిణాదిలోనూ కలకత్తాలోనూ ఆచారపరులైన కుటుంబాలు చాలాకాలం కొళాయి నీటిని మడికి పనికిరానిదిగా చూశాయి. కొళాయి లోపల నీటిని ఆపే తోలుబిళ్ళ ఒక అభ్యంతరం. అన్ని కులాలవారూ తాకే గొట్టం కావడం అంతకంటే పెద్ద అభ్యంతరం. వారి దృష్టిలో బావి నీరు శుచి. ఆ బావినుంచి దళితులను దూరంగా ఉంచిన వ్యవస్థే ఆ శుచిని నిర్వచించింది. వైద్యశాస్త్రం చెప్పే శుభ్రతకు, ఆచారం చెప్పే శుచికి ఇక్కడ పొత్తు కుదరలేదు. భూమికింద పరుచుకున్న గొట్టం ఎవరి ఇంటికి వెళ్ళే నీరు ఎవరిదో గుర్తించదు. ఒక వాడలో లోపలికి దిగిన మురుగు మరొక వాడ వంటింటికి చేరగలదు. కొళాయి తెచ్చిన సమానత్వానికి ఇది రెండవ ముఖం.

ఖాళీ గొట్టం

2011 నాటికి మహానగర జనాభా 67 లక్షలు దాటింది. నీటికోసం నగరం మొదట మంజీరాకు, తరువాత సింగూరుకు, 2004లో నాగార్జునసాగర్ వద్ద కృష్ణకు, 2015లో ఎల్లంపల్లి వద్ద గోదావరికి వెళ్ళింది. కృష్ణా జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరంనుంచి ఎత్తిపోయాలి. వాలుమీద వచ్చే నీటి కాలం ముగిసింది. ఎత్తిపోసే ప్రతి లీటరుకూ విద్యుత్తు ఖర్చయ్యే నీటిని పంచుకోవడానికి వంతులు ఏర్పడ్డాయి: రోజు విడిచి రోజు, కొన్ని గంటలు. ‘నల్లా వచ్చింది’ అన్న మాట నగర జీవితానికి కేంద్రమైంది.

వంతుల సరఫరా వల్ల కలిగే నష్టం నీటి కొరత ఒక్కటే కాదు. నీరు ఒత్తిడితో ప్రవహిస్తున్నంతసేపు గొట్టానికి ఎక్కడ చిల్లు ఉన్నా నీరు బయటికి కారుతుందే గాని బయటిది లోపలికి రాదు. సరఫరా ఆపగానే గొట్టం ఖాళీ అవుతుంది; లోపలి ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చుట్టూ మట్టిలో నిలిచిన తేమ, పక్కనే పారే మురుగు, అతుకుల సందులగుండా లోపలికి దిగుతాయి. నీరు చాలని ఇళ్ళవారు కొళాయికి నేరుగా మోటారు బిగించినప్పుడు ఈ పీల్పు మరింత పెరుగుతుంది. వినియోగదారుని వద్ద నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలనీ, 100 మిల్లీలీటర్ల నమూనాలో ఈ-కోలై అసలు కనబడరాదనీ భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతున్నది. శుద్ధికేంద్రం దాటేటప్పుడు ఈ ప్రమాణం నెరవేరవచ్చు. దారిలో దిగిన మురుగు ఆ క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తుంది. కేంద్రం వద్ద తీసిన నమూనా నిజమే చెబుతుంది, ఇంటిలో తాగిన మనిషి జబ్బూ నిజమే. ఈ రెండు నిజాల నడుమ ఉన్నది గొట్టం.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో జరిగినది ఇదే. తోళ్ళ వ్యాపారానికి, పాత సామాను వ్యాపారానికి నెలవైన ఆ ఇరుకు వాడలో మురుగు కలిసిన కొళాయి నీరు తాగి పలువురు మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ దుర్ఘటన తరువాత చర్చ ఎక్కువగా గొట్టం వయస్సు చుట్టూ తిరిగింది. గొట్టం పాతదన్నది వాస్తవం. అయితే పాత గొట్టమైనా నిరంతరం నిండి ఉంటే లోపలికి పీల్చుకోదన్న అంశానికి దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదు. కర్ణాటకలోని హుబ్బళ్ళి–ధారవాడ జంటనగరాలలో కొన్ని వార్డులకు నిరంతర సరఫరా, మిగిలినవాటికి వంతుల సరఫరా ఉన్న కాలంలో ఎమిలీ కంపెల్, కారా నెల్సన్ చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. వంతుల సరఫరా ఉన్న కొళాయిల నమూనాలలో దాదాపు మూడో వంతులో ఈ-కోలై కనబడింది. నిరంతర సరఫరా ఉన్నవాటిలో అది ఒక శాతానికి లోపే. ఒకే నగరం, ఒకే నీరు. హాంబర్గ్, ఆల్టోనాల మధ్య నాడు తేడా ఇసుకది. ఇక్కడ తేడా గొట్టం నిండి ఉండటానిది. 2021 జూలైలో ఒడిశాలోని పూరీ పట్టణం కొళాయినుంచి నేరుగా తాగే నీటిని ప్రకటించినప్పుడు ఆ పథకంలో ఇరవైనాలుగు గంటల సరఫరా తప్పనిసరి భాగం కావడం యాదృచ్ఛికం కాదు.

మళ్ళీ వంటింటికి

ఇసుకకు, రసాయనానికి, నగర సంస్థకు అప్పగించిన నిర్ణయం ఈ విధంగా తిరిగి వంటింటికి వచ్చింది. కాచి చల్లార్చడం, కొవ్వొత్తి ఫిల్టరు, ఆర్వో యంత్రం, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా వరుసగా ఇళ్ళలోకి ప్రవేశించాయి. వీటి ఖర్చు ఇంటిది, శ్రమ ఎక్కువగా స్త్రీలది. డబ్బా కొనలేని ఇల్లు, గ్యాసు ఆదా చేయక తప్పని ఇల్లు కొళాయి నీటినే తాగుతుంది. భోలక్‌పూర్‌లో మరణించినవారు ఏ తరగతివారో వేరుగా చెప్పనక్కరలేదు.

పైగా కాచడం అన్నిటికీ విరుగుడు కాదు. 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగిసిపోయే వ్యాధికి తాగేనీటిలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, ఆయన సహచరులు గుర్తించారు. నల్లగొండ జిల్లా పేరు ఆ వ్యాధితో ముడిపడిపోయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే నాగపూరు శాస్త్రజ్ఞుల పద్ధతికి కూడా ఆ జిల్లా పేరే స్థిరపడింది. ఫ్లోరైడు నీరు తేటగా ఉంటుంది. కాచితే ఆవిరయ్యేది నీరే గాని ఫ్లోరైడు కాదు, కనుక దాని సాంద్రత పెరుగుతుంది. వంటింటి పరీక్షలకు ఏదీ దొరకని ఇలాంటి నీటి విషయంలో బాధ్యతను ఇంటికి వదలడం అసాధ్యం.

1996లో జారీ అయిన 111వ నంబరు ఉత్తర్వు జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో కట్టడాలను నియంత్రించింది. 2022లో దానిని సడలించినప్పుడు నగరంలో తీవ్రమైన చర్చ సాగింది. ఆ చర్చ అవసరమైనదే. కాని అదే తీవ్రతతో ఏ వీధిలో గొట్టం ఎన్ని గంటలు ఖాళీగా ఉంటున్నదన్న ప్రశ్న ఎన్నడూ చర్చకు రాలేదు. చెరువు కంటికి కనబడుతుంది, గండిపేట నానుడిలో కూడా ఉంది. గొట్టం భూమిలో ఉంది.

గొట్టాన్ని గురించిన ఎరుక మాత్రం మరొక చోట నిలిచి ఉంది. నల్లా వచ్చిన వెంటనే మొదటి బిందెడు రెండు బిందెల నీటిని తాగడానికి పట్టక, అంట్లకో ఇల్లు కడగడానికో విడిచే అలవాటు తెలుగు పట్టణాలలో విస్తృతంగా ఉంది. రంగు మారేదాకా, వాసన పోయేదాకా ఆగి, ఆపైన మంచినీళ్ళ బిందె పెడతారు. సరఫరా మొదలైన తొలి నిమిషాలలోనే నీటిలో కాలుష్యం హెచ్చుగా ఉంటుందని కంపెల్, నెల్సన్‌లు 2014లో ప్రకటించిన రెండవ అధ్యయనం హుబ్బళ్ళి–ధారవాడ కొళాయిల వద్ద కొలిచి నిర్ధారించింది.