పోలీసాయన భార్య

చిన్నప్పుడు నాకు పోలీసంటే బూచాడే. అన్నం తినకపోతే మా అమ్మమ్మ ఆయన్నే పిలిచేది. ఆ బూచాడికీ ఇంట్లో ఓ భార్య ఉంటుందని అప్పుడెందుకు తడుతుంది?

లండన్‌లో 1829లో రాబర్ట్ పీల్ నగర పోలీసు దళం పెట్టాడు. చలిలో, వానలో రాత్రంతా గస్తీ. పెన్షన్ మాత్రం చాలాకాలం పైవాళ్ల దయే! తండ్రిపోయిన పోలీసు పిల్లలకోసం 1870లో ట్వికెన్‌హామ్‌లో అనాథాశ్రమం వెలిసింది. దానికి పోలీసులే చందాలు వేసుకునేవారు. జబ్బుపడి లేచిన పోలీసులకి హోవ్ సముద్రపొడ్డున 1890లో విశ్రాంతి గృహం పెట్టించింది కేథరిన్ గర్నీ అనే ఆవిడ. (ఇలాంటివి ఆడవాళ్లకే తడతాయి, ఏమన్నా అనుకోండి!) ఆ ఏడే, 25 ఏళ్లు పనిచేస్తే పెన్షన్ హక్కు అని చట్టం వచ్చింది.

హక్కు ఎవరికి? ఆయనకి. డ్యూటీలో దెబ్బతగిలి పోతే సరే, మామూలు జబ్బుతో పోతే భార్యకి హక్కుగా పెన్షన్ లేదు. ఏ వేళకొచ్చినా తలుపు తీసి, తడిసిన కోటు ఆరేసిన మనిషికి!

1918 ఆగస్టులో లండన్ పోలీసులే సమ్మె కట్టారు. ప్రధాని లాయిడ్ జార్జి దిగివచ్చాడు. జీతాలు పెరిగాయి. పోలీసు వితంతువుకి వారానికి 10 షిల్లింగులు ఇస్తామన్నారు.