విమానదళాధిపతి లతీఫుగారు

అన్నదమ్ములు వేరుపడునప్పుడు పెద్దమనుష్యులై కూర్చుండుట మీలో పెక్కురకు అనుభవమే. భీమడోలు పొలమైనను గొలుసుపెట్టి కొలువవచ్చును. గాదెలోని ధాన్యమును కుంచముతో పంచవచ్చును. ఇంటనున్న మనుష్యుడు ఎవరి పక్షమున నిలుచునో ఏ కొలతయు చెప్పజాలదు. దేశమే వేరుపడినప్పుడు అట్టి చిక్కు నెదుర్కొనిన ఒక వైమానికుని చరిత్రము నేడు మనవి చేసెదను.

ఇద్రీస్ హసన్ లతీఫుగారు 1923 జూన్ 9వ తేదీన హైదరాబాదున జన్మించిరి. రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, 1942లో, పందొమ్మిదవ యేట విమానదళమున అధికారియైరి. మొదట కరాచీ నుండి పాతకాలపు విమానములపై ఎగిరి, అరేబియా సముద్రమున శత్రువుల జలాంతర్గాములకై కావలి కాచిరి. పిదప ఇంగ్లండునకేగి హరికేన్, స్పిట్‌ఫైర్ అను వేగవంతములైన యుద్ధవిమానములను నడుప నేర్చిరి. 1944లో తిరిగివచ్చి, బర్మా రంగమున జపానుసేనలపై పోరాడిరి.

1947లో దేశముతోపాటు సైన్యమును రెండుగా చీలెను. తోడి వైమానికులైన అస్గర్ ఖాన్, నూర్ ఖానులు లతీఫుగారిని పాకిస్తానునకు రమ్మని పిలిచిరి. అనంతరకాలమున వారిరువురును అచ్చటి విమానదళమునకు అధిపతులైరి. లతీఫుగారు ముస్లిములు. వారు పుట్టిన హైదరాబాదు సైతము నాటికి నిజాము ఏలుబడిలో నుండెను. 1948 సెప్టెంబరు వరకు భారత యూనియనులో కలియలేదు. అయినను మతము వేరు, దేశము వేరు అని తలచి, వారు భారత విమానదళముననే నిలిచిరి.

1950లో గణతంత్రము ఏర్పడినప్పుడు ఢిల్లీ నగరముపై ఎగిరిన విమానశ్రేణికి వారు నాయకత్వము వహించిరి. 1971 యుద్ధకాలమున విమానదళ ప్రధాన కార్యాలయమున ప్రణాళికల భారము వారిదే. 1978లో ఎయిర్ చీఫ్ మార్షల్ హోదాతో యావద్దళమునకు అధిపతియై, 1981 వరకు ఆ పదవి నిర్వహించిరి. జాగ్వార్ విమానములు మన దళమున చేరినది వారి కాలముననే. తరువాత మహారాష్ట్ర గవర్నరుగను, ఫ్రాన్సులో మన రాయబారిగను పనిచేసి, 2018 ఏప్రిల్ 30వ తేదీన హైదరాబాదుననే కన్నుమూసిరి.

1947లో ఆయన ఈ దేశమును నమ్మెను. ముప్పదియొక్క సంవత్సరముల పిమ్మట దేశము తన ఆకాశమునంతయు ఆయనకు అప్పగించెను. నమ్మిక ఒకవైపు నుండియే నిలుచునది కాదు. ఈ సంగతి, పంపకములు చేసిన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.