రామేశ్వర యాత్రాచరిత్రలో ధనుష్కోటి స్థానం

రామేశ్వర క్షేత్ర చరిత్రను ఆలయ నిర్మాణానికే పరిమితం చేయడం పరిపాటి. రామనాథస్వామి ఆలయపు దీర్ఘమండపాలు, 22 తీర్థాలు, సేతుపతుల పోషణ అందులో ప్రధానాంశాలు. అయితే పాంబన్ ద్వీపాన్ని చేరే మార్గం కూడా యాత్రాస్వరూపాన్ని నిర్ణయించింది. 1914లో రైలు వంతెన ఏర్పడేవరకు యాత్రికులకు పడవే శరణ్యం. అనంతరం రైలు ధనుష్కోటి వరకు సాగింది. అక్కడి నుండి ఓడలో సింహళానికి వెళ్లేవారు. 1964 డిసెంబరు తుపానులో ఆ పట్టణం ధ్వంసమైంది, ప్రయాణికులతో సహా రైలు సముద్రం పాలైంది. ధనుష్కోటి మరి కోలుకోలేదు. సేతువు ఇసుకను గంగలో కలిపి, గంగాజలంతో రామనాథుని అభిషేకించే కాశీ-రామేశ్వర యాత్రాసంప్రదాయం మాత్రం తెలుగువారిలో నేటికీ నిలిచి ఉంది. కావున ధనుష్కోటిని విడిచి రాసినది గుడి చరిత్ర అవుతుంది గాని యాత్రాచరిత్ర కాజాలదు.